ప్లగ్గు పీకిన యంత్రంలో మొలిచిన తీగలు

పుంగనూరులో ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు జ్వరముందేమో చూడండని చెప్పే మనిషిని నేను. ఫిజిక్సు చదివినదాన్ని. గాలి, ధూళి అంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఈ ఒక్కదానికి మాత్రం రాదు.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. కుప్పంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. గాలి తీసేసిన గాజు గొట్టంలో కొంచెం ఆక్సిజన్ వదిలి కరెంటిస్తే ప్లాస్మా వెలుగుతుంది. అందులో రాగిరేకు పెడితే దాని మీద రాగి ఆక్సైడు తీగలు మొలవాలి. వెంట్రుక కంటే ఎన్నో వందల రెట్లు సన్నం. నాకేమో రేకు నల్లబడేది, అంతే. ఆ యంత్రం అరువు తెచ్చినది. దీపావళికల్లా బెంగుళూరుకు తిప్పి పంపేయాలి. అది పోతే నా డిగ్రీ గోవిందా.

ఆయుధపూజ నాడు పొద్దున్నే రేకు లోపల పెట్టి మూత బిగించాను. ఇంతలో ల్యాబు చూసుకునే మునెప్ప పసుపు, కుంకుమ, బంతిపూలు పట్టుకొచ్చాడు. మా పక్క పూజ చేసిన పనిముట్టును మరుసటి రోజుదాకా ముట్టరు. వద్దంటే వినలేదు.

"దానికీ ఒగ పొద్దు రెస్టు ఇయ్యల్ల కదమ్మా. రేపు చేసుకుందురులే," అని ప్లగ్గు పీకి, దానికీ బొట్టు పెట్టాడు.

కోపం నషాళానికెక్కింది. పెద్దాయన్ని ఏమంటాను? గదికి తాళమేసి ఊరి బస్సెక్కాను. తాళంచెవి ఒకటే, అది నా బ్యాగులోనే ఉండింది.

మరుసటి రోజు వచ్చి తీస్తే ప్లగ్గు వేలాడుతూనే ఉంది, బొట్టు చెదరలేదు. గొట్టం చల్లగా ఉంది. లోపల రేకు మాత్రం నల్లటి మఖమల్ గుడ్డలా ఉంది. బెంగుళూరు తీసుకుపోయి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే, వరినారు మాదిరి ఒత్తుగా, నిటారుగా తీగలు.

ఫోటో చూసి మా గైడు సారు మురిసిపోయారు. "ఎంత పవర్ పెట్నావు? ఎంతసేపు? రాసియ్యమ్మా, పేపరుకు పంపిద్దాం," అన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. "అయితే మళ్లా పెంచి సూపించు," అన్నారు.

ఇక తిండీ తిప్పలూ ల్యాబులోనే. ప్లగ్గు పీకి కూడా చేసి చూశాను, ఏమీ రాలేదు. ఆన్ చేసి, ఆక్సిజన్ కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ పోయాను. యంత్రం తిరిగి పోయేలోపు తీగలు వచ్చాయి. పొట్టివి, పలచగా. మళ్లీ చేసినా వచ్చాయి. థీసిస్‌లో అవే పెట్టాను, డిగ్రీ వాటికే వచ్చింది.

పూజనాడు ఆ గొట్టంలో ఏం జరిగిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఇప్పుడు మదనపల్లెలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలకు రెండు ఫోటోలూ చూపిస్తే పొడుగు తీగలే బాగున్నాయంటారు. నిజమే, బాగుంటాయి. వాటిని ఎవరు పెంచారో నాకు తెలీదు. పొట్టివి నేను పెంచినవి.