పెద్దమ్మ ఇచ్చిన ఆకువక్క

ఒప్పందం, ఒడంబడిక, కరారు, అగ్రిమెంటు అని ఎవరెన్ని పేర్లు చెప్పినా మా పెద్దమ్మకు అన్నిటికీ ఒకటే మాట, ఆకువక్క. బేరం కుదిరితే నడుముకున్న తిత్తి విప్పి, తమలపాకుల్లో వక్క పెట్టి అవతలి మనిషి చేతికిచ్చేది. ఇక దానికి తిరుగులేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది పెదనాన్న పోయాడు. మరుసటేడు పూతలపట్టు దగ్గరున్న మామిడితోపు పూతకొచ్చినప్పుడు, కాపును గుత్తకు తీసుకోవడానికి పాకాల వ్యాపారి వచ్చాడు. మాటలన్నీ అయ్యాక పెద్దమ్మ ఆకువక్క అందిస్తే ఆయన చెయ్యి చాపలేదు.

"మీ కొడుకుతో ఇప్పించు అక్కా" అని నసిగాడు. భర్త పోయిన మనిషి తాంబూలం ఇవ్వకూడదని ఆయన పట్టింపు.

"తోపు నాది, మాట నాది. నడాన వాడెందుకప్పా? తీసుకో."

చాపిన చెయ్యి ఆమె దించలేదు. చివరికి ఆయనే తీసుకున్నాడు.

కాయ ముదిరే వేళకు చిత్తూరు నుంచి ఇంకొకడు వచ్చి ఎక్కువ ధర పలికాడు. ఆమె కొడుక్కి, అంటే మా అన్నకు, ఆశ పుట్టింది.

"కాగితమేం రాసుకోలేదు గదమా. నాయన పోయినాక నువ్వు ఇచ్చిన ఆకు యాడ చెల్లుతాది?"

వక్క కత్తిరిస్తున్న పెద్దమ్మ అడకత్తెర పక్కన పెట్టింది.

"మీ నాయన పోయినాక గూడా నీకు ఈ చేత్తోనే గదరా సంగటి పెడతా ఉండేది. అది చెల్లింది గదా?"

ఆ మధ్యాహ్నం అన్నే సైకిలెక్కి, కాయ కోతకొచ్చిందని చెప్పడానికి పాకాల వెళ్లాడు.