వెండి రంగు కింద గీత

పాత ఇంజను భాగం ఒకటి కొత్తదానిలా మెరుస్తుంటే, దాన్ని శుభ్రం చేశారంటారా, దాచేశారంటారా?

జనగామలో మా నాయిన పాత ఇంజన్ల సామాను కొని, బాగుచేసి అమ్ముతాడు. డిగ్రీ అయ్యాక నేనూ ఆ రేకుల షెడ్డులోనే కూర్చుంటున్నాను. కాలేజీ వాదపోటీల్లో ఎదుటివారి మాటల్లో లొసుగు వెతకడం నేర్చుకున్నాను. ఇక్కడ అల్యూమినియం కడగడం నేర్చుకున్నాను. దానికి కాస్టిక్ సోడా పనికిరాదు. నల్లబరిచి పైపొరను తినేస్తుంది. కిరోసిన్‌లో నానబెట్టాలి, మెత్తని బ్రష్‌తో మసి తీయాలి, వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరనివ్వాలి. వానాకాలపు తేమకు తెల్లటి పొడి పట్టకుండా పైన సిల్వర్ రంగు వేయాలి. ఆ రంగు రక్షణే. అంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కిందటి యాసంగిలో, వాగునీళ్లు తోడే చిన్న ఇంజను హెడ్డు, అంటే సిలిండరు మీది మూత, ఒకటి కడిగాను. ఎన్నిసార్లు తుడిచినా బోల్టు రంధ్రం పక్కన సన్నని తడిగీత మళ్లీ తేలుతోంది. లోపలికి ఇంకిన కిరోసిన్ పగులులోంచి ఊరుతోంది. నాయినకు చూపించాను.

“గది పోతపోసినప్పటి గీత బిడ్డా. రంగు కొట్టు.”

“పోత గీతలకెల్లి కిరోసిన్ ఎట్ల ఊరుతది నాయినా?”

“నీ పోటీలు కాలేజీల పెట్టుకో,” అని బ్రష్ తానే అందుకున్నాడు.

మర్నాడు జఫర్‌గఢ్ నుంచి ఒక రైతు వచ్చాడు. ఆ హెడ్డును చేతిలో తిప్పి చూసి నవ్వాడు.

“ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క తయారుజేసినవ్! నడుమల ఆగదు గద? వరి పొట్టకొచ్చింది. జల్ది నీళ్లు పెట్టకుంటే అంత తాలే.”

“రంగు మంచిగ పట్టింది తమ్మీ,” అన్నాడు నాయిన.

మాట నిజం, అడిగినదానికి జవాబు మాత్రం కాదు. ఇటువంటి జవాబులతో నేను పోటీల్లో చప్పట్లు కొట్టించుకున్నాను. అదే నేర్పు నాయిన నోట విని తల ఎత్తలేకపోయాను.

“నాయినా, ఆయన రంగు గురించి అడుగలే. పగులు సంగతి చెప్పు.”

“అబ్బో, నీ బిడ్డ వకీలు సదువు సదివినట్టున్నది!” అని నవ్వబోయిన రైతు, మా ఇద్దరి ముఖాలు చూసి ఆగిపోయాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని రంగు గీకాడు. గీత బయటపడింది.

తిట్టినా బాగుండేది. “ఇంకోటి చూపెట్టన్నా,” అని కింద కూర్చుని, అరలోని హెడ్లను గీకడం మొదలుపెట్టాడు. నాయిన ఒక్కొక్కటే అందించాడు. వాటిలో చాలావాటికి రంగు వేసింది నేనే. గీత కనబడితే అది పోత గీతేనని నమ్మడం అప్పట్లో నాకూ సులువుగానే ఉండేది. అతని ఇంజనుకు సరిపోయేది, పగలనిది దొరకలేదు. గోళ్లనిండా వెండి పొడితో లేచి, అక్కడైనా దొరుకుతుందేమోనని వరంగల్ బస్సు కోసం పరుగెత్తాడు. ఆ మడికి నీళ్లు అందాయో లేదో మాకు తెలియదు.

“బజార్ల నిలబెట్టినవ్ బిడ్డా,” అన్నాడు నాయిన.

ఆయన చేసిన పనికి సిగ్గుపడ్డాను; పరాయి మనిషి ముందు ఆయన్ను నిలదీసినందుకూ సిగ్గుపడ్డాను. ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

మా వంటి షెడ్డులో రంగు వేసిన హెడ్డు కొన్నవారు ఇది చదువుతుంటే, దయచేసి ఇంజను విప్పించండి. రంగు గీకి, కిరోసిన్ పూసి, తుడిచి, కాసేపు ఆగి చూడండి. తడిగీత తేలితే తెచ్చి అమ్మినవారి ముందు పెట్టండి. ఇకమీదట ఎక్కడ కొన్నా, రంగు వేయకముందే చూపించమని అడగండి.