మోడెం వెలిగిన ఆదివారం

మొన్న మా ఆఫీసులో ఎలక్ట్రీషియన్ నల్లటి ఇన్సులేషన్ టేపును చర్రున లాగాడు. ఆ జిగురు వాసన తగలగానే చేతిలో పని ఆగిపోయింది. ఆ వాసన వస్తే నాకు భాగ్యవతి టీచరు గారు గుర్తొస్తారు. చిలకలూరిపేటలో మా పక్కింట్లో ఉండేవారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. బడిలో నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. ఇప్పుడు గుంటూరులో నెట్‌వర్కులు బాగుచేస్తూ బతుకుతున్నానంటే మాత్రం, ఆ విద్యకు మొదటి గురువు ఆవిడే.

మా పద్మక్కకు పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. మా అమ్మకు చదువు రాదు. వాళ్లిద్దరి మధ్యా ఉన్నవి సైగలే, అక్క పసితనం నుంచి ఇద్దరూ కలిసి కల్పించుకున్నవి. డిప్లొమా చేసి అక్క విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్లాక మాకు పెద్ద చిక్కొచ్చిపడింది. ఫోనులో మాట్లాడుకోలేరు. సెల్లుకు మెసేజ్ పంపితే అమ్మ చదవలేదు. నేను చదివి చెబితే అందులో అక్క ముఖం ఉండదు. అందుకే ఇంట్లో కంప్యూటరు, బ్రాడ్‌బ్యాండు పెట్టించాం. ప్రతి ఆదివారం పొద్దున అక్క అక్కడ నెట్ సెంటర్లో కూర్చునేది. ఇక్కడ అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వెబ్‌క్యామ్ ముందు కూర్చునేది. అంతసేపూ మా ఇంట్లో అమ్మ గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

ఒక వారం అక్క, ఉద్యోగం మానేసి వచ్చేస్తానంది. అమ్మకు కోపం ఆగలేదు. ఇందుకేనా నిన్ను అంత కష్టపడి చదివించింది అంటూ చేతులు విసిరి విసిరి తిట్టింది. అక్క ఏడుస్తూ తెర ముందు నుంచి లేచిపోయింది. తర్వాతి శనివారం సాయంత్రం నాకు అక్క మెసేజ్ వచ్చింది. ‘సోమవారం రాజీనామా ఇస్తున్నాను. రేపు ఒక్కసారి అమ్మతో మాట్లాడాలి.’ తెల్లారి చూస్తే నెట్ లేదు. కంప్యూటరు ఆపాను, మళ్లీ పెట్టాను, కనిపించిన ప్రతి వైరూ పీకి గుచ్చాను. ఆదివారం కాబట్టి టెలిఫోన్ ఆఫీసు వాళ్లు రారు. మాకు దగ్గర్లో ఉన్న నెట్ సెంటర్లో కెమెరా లేదు. అమ్మ కాసేపు నన్నూ, గడియారాన్నీ మార్చి మార్చి చూసి, పెరటి గోడ దగ్గరికి వెళ్లి కేకేసింది. “టీచరుగారూ, ఒక్కసారి రండమ్మా! మా పిల్ల అక్కడ కూర్చునుంటదండీ!”

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చారు. “నాకు కంప్యూటర్లు తెలియవురా శేషూ. నువ్వు చెబితే వింటాను. ముందు ఆ పీకడం ఆపు” అన్నారు.

“టైమవుతోందండీ!”

“అందుకే ఆపమంటున్నా. ఎక్కడిదాకా బాగుంది? అది చెప్పు.”

పాడైంది ఏమిటని కాకుండా బాగున్నది ఎక్కడిదాకా అని అడిగినవాళ్లను నేను అంతవరకూ చూడలేదు. మోడెం చూశాను. కంప్యూటరూ మోడెమూ కలిసినట్టు తెలిపే దీపం నిలకడగా వెలుగుతోంది. బయటి లైను దీపం మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది. “అయితే కంప్యూటరు జోలికి పోకు” అన్నారు. ఫోను ఎత్తితే టోను వస్తోంది, వెనక సన్నగా గరగర. ఫోను పనిచేస్తోంది కాబట్టి లైను బాగున్నట్టేనన్నాను. “గరగరలో కూడా మన మాట మనకు అర్థమవుతుంది. ఈ మోడెంకు అర్థమవుతుందో లేదో నీకు తెలుసా? తెలియనప్పుడు అనుకోవద్దు, చూద్దాం పద.” మోడెంను వరండాలోకి తీసుకెళ్లి, వీధిలోంచి వైరు ఇంట్లోకి వచ్చే చోటనే నేరుగా తగిలించాం. లైను దీపం నిలిచి వెలిగింది. ఆవిడ ముఖం కూడా వెలిగింది. “వీధి లైను బాగుంది, మోడెం బాగుంది. ఇక మిగిలింది మీ ఇంట్లో వైరే.”

ఆ వైరు వెంట నడిస్తే ముందు గదిలో నాన్న ఇంటి కప్పు దాకా పేర్చిన మిరపకాయల టిక్కీ బస్తాల వెనక్కి పోయింది. ఒక్కో బస్తా ముగ్గురం కలిసి ఈడ్చాం. ఘాటుకు తుమ్ములే తుమ్ములు. టీచరు గారి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నా ఆవిడ పక్కకు జరగలేదు. చివరికి గోడ వార పాత అతుకు ఒకటి బయటపడింది. బస్తాల ఒత్తిడికి టేపు ఊడి, లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆవిడే వాళ్లింటి నుంచి టేపు తెచ్చారు. బ్లేడుతో రాగిని గీకి, మెలిపెట్టి చుట్టే పని మాత్రం నాతోనే చేయించారు. “నీ ఇంటి వైరు. నీ చేతికి తెలియాలి” అన్నారు.

మోడెంను మళ్లీ లోపల తగిలించగానే తెర మీద అక్క కనిపించింది. ఇంకా వెళ్లిపోలేదు. టీచరు గారు వెంటనే బయటికి వెళ్లి వరండా మెట్టు మీద కూర్చున్నారు. అమ్మ చేతులెత్తింది. మళ్లీ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పని బాగుందా అని అడిగింది. బాగుందంది అక్క. తిండి? బాగుంది. ఆఫీసులో మనుషులు? మంచివాళ్లే. గది? అక్క చేతులు ఆగిపోయాయి. తర్వాత మెల్లగా చెప్పింది. హాస్టల్ గదిలో మిగతా అమ్మాయిలు అన్నం తినగానే దీపం ఆర్పేసి కబుర్లు చెప్పుకుంటారట. చీకట్లో అక్కకు పెదవులు కనిపించవు, చేతులు కనిపించవు. అంతమంది మధ్యలో రోజూ ఒంటరిగా పడుకుంటోంది. మేమెవరం ఊహించని కష్టం అది. అమ్మ తెర మీద చెయ్యి పెట్టి అక్క చెంప తడిమింది. అక్క రాజీనామా ఇవ్వలేదు, హాస్టల్ మారింది. కొత్త చోట వినపడని అమ్మాయిలు మరో ఇద్దరున్నారు. ఆ గదిలో దీపం తొందరగా ఆరేది కాదు.

ఆ ఆదివారమే నేను సంగతంతా చెబితే టీచరు గారు, “చూశావా, మీ అమ్మ ఎంత చక్కగా అడిగిందో” అన్నారు. మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి అమ్మ ఎదుట పీట వేసుకుని కూర్చున్నారు. “నాకూ ఆ సైగలు నేర్పమ్మా. ఆ పిల్ల ఇన్నేళ్లు పక్కింట్లో పెరిగినా ఒక్క మాట మాట్లాడలేకపోయాను.” అక్షరం రాని మా అమ్మ, అన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషికి చేతులు పట్టుకుని దిద్దించింది. తప్పు చేస్తే ఇద్దరూ పడీపడీ నవ్వేవారు.

అక్క సెలవుకు వచ్చినప్పుడు టీచరు గారు గేటు దగ్గర ఎదురెళ్లి, సైగలతో అన్నం తిన్నావా అని అడగబోయి ఏనుగును తిన్నావా అని అడిగారు. అక్క చేతిలో సంచి కింద పెట్టి నవ్వి నవ్వి, ఆవిడను కావలించుకుని ఏడ్చేసింది. మా వీధిలో ఇంటివాళ్లు కాని మనిషి తనతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. ఆ సాయంత్రమే అక్క ఆవిడకు ఒక పేరు పెట్టింది. కళ్లజోడును చూపుడు వేలుతో నుదుటి మీదికి నెట్టడం టీచరు గారి అలవాటు. ఆ సైగే పేరు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడను ఎన్నడూ చూడని నా కూతురికి కూడా ఆ పేరు తెలుసు. ఆవిడను తలుచుకుంటే నాకు మాట కంటే ముందు వేలు లేస్తుంది.