కుడితి డబ్బా జారిన సాయంత్రం

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై దాటింది. జమ్మలమడుగు దగ్గర పల్లె మాది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు. నాకు చదువు రాదు... నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఫ్యాక్షన్ అనగానే అందరూ మగవాళ్ల కథలే చెబుతున్నారు. అందుకే ఇది రాయిస్తున్నాను.

మా చిన్నప్పుడు... అడవి పంది వస్తే డబ్బా కొట్టి తరిమేవాళ్లు. ఊరు రెండు పార్టీలయ్యాక డబ్బా మోగిందంటే ఎదుటి వాళ్లు మీదికొచ్చారని, మిద్దెలెక్కమని గుర్తు. మిద్దెల మీద రాళ్లు, బాంబులు సిద్ధంగా ఉండేవి. పందుల కోసం ఎవరూ డబ్బా ముట్టకూడదని రెండు వైపులా కట్టడి.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ... వాకిట్లో చెనిక్కాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కనే గుడ్డ ఉయ్యాలలో నెలల పిల్లాడు, నా తమ్ముడు. ఊరి పక్కన పారే వంక దిక్కు నుంచి ఒంటి పంది లోపలికి వచ్చేసింది. దూడంత ఉంది. మూతి ఉయ్యాలకు తగులుతోంది. అమ్మ గడపలోనే బిగుసుకుపోయింది. నేను ఆమె చీర పట్టుకుని నిలబడ్డాను.

చిన్నాయన పరుగున వచ్చాడు. పాత అలవాటు... చేతికందిన డబ్బా మీద కట్టెతో ఒక దెబ్బ వేశాడు. రెండోది వేయబోతే అమ్మ ఉరికి ఆయన చెయ్యి పట్టుకుంది.

"కొట్టొద్దప్పా... ఊరు కాలిపోతాది."

అప్పటికే ఎదురింటి మిద్దె మీద అడుగుల చప్పుడు. వాళ్లది అవతలి పార్టీ.

"యాడ మోగింది డబ్బా?" అని ఆ ఇంటాయన కేక.

పంది అని చెబితే నమ్మే రోజులు కావు. పంది సాకు పెట్టి మనుషుల్ని బయటికి పిలిచి నరికినవాళ్లున్నారు.

ఆయన భార్య నారాయణమ్మ వాళ్ల వాకిట్లో ఉంది. పందిని చూసింది... ఉయ్యాలను చూసింది.

"ఈడే. నా చేతిలో కుడితి డబ్బా జారింది. దానికే బాంబు తీస్తాండావా? నీ పౌరుషం పాడుగాను, దిగి పెరట్లో ఎనుములకు గడ్డెయ్యి పో."

ఆయన గొణుక్కుంటూ పెరటి వైపు దిగిపోయాడు.

ఆమె కుడితి డబ్బాను నిజంగానే వీధిలోకి ఒంపేసింది. తవుడు, గంజి వాసనకు పంది తలెత్తింది. కాసేపు కదల్లేదు. చివరికి ఉయ్యాలను రాసుకుంటూ వీధిలోకి పోయింది. అమ్మ ఉరికి పిల్లాణ్ణి రొమ్ముకు కరుచుకుంది. పంది కుడితి నాకి వంకలోకి దిగిపోయింది.

తర్వాత అమ్మా, నారాయణమ్మా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే రెండిళ్లలోనూ తన్నేవాళ్లు. బోరింగు దగ్గర అమ్మ తన బిందె జరిపి ఆమెకు చోటిచ్చేది... అంతే.

ఇప్పుడు పందుల్ని తరమడానికి చేలల్లో మైకులు పెట్టారు. రెండు పార్టీల వాళ్లూ ఒకే పెళ్లి బంతిలో కూర్చుని తింటున్నారు. అమ్మా పోయింది, నారాయణమ్మా పోయింది. ఆ మేలు బయటికి చెప్పుకునే వీలు అమ్మకు ఇయ్యలేదు... నన్నెవరు ఆపుతారో చూస్తాను.

మీ ఊళ్లోనూ ఎదుటి పార్టీ ఇంట్లో ఇట్లాంటి ఆడమనిషి ఉండే ఉంటుంది... ఆమె పేరు పెట్టి రాయండి.

కింద ఫొటోలో ఉన్నది నా వేలిముద్ర.
ఓబులమ్మ
సాక్షులు: మనవరాలు సుజాత, నారాయణమ్మ కోడలు లక్ష్మీదేవి