వెల్వెట్ కుర్చీ, టెంపో నిండా కొడవళ్ళు

మారణాయుధాలతో పట్టుబడాలంటే మనిషికి ఎంతో కొంత కోపమో, పౌరుషమో, పాతపగో ఉండాలి. నా దగ్గర అవేవీ లేవు. ఉన్నదల్లా ఒక కుర్చీ మీద అసూయ. ఆ ఒక్క సరుకుతోనే నేను ఎన్నికల వేళ, పట్టపగలు, ముదిగుబ్బ రోడ్డు మీద టెంపో నిండా కొడవళ్ళతో దొరికిపోయాను. అదీ ఎవరి కోసం? మా సీమలో నరుకుళ్ళు, కొట్లాటలు లేకుండా చేస్తానని ఓట్లడుగుతున్న అభ్యర్థి కోసం. నవ్వండి, మొహమాటం వద్దు. నా భార్య ఇంకా నవ్వుతూనే ఉంది.

మాది ముదిగుబ్బకు కూతవేటు దూరంలోని ఊరు. నాది టెంట్ హౌస్. షామియానాలు, మైకుసెట్టు, వెనక నా పేరు రాసిన ప్లాస్టిక్ కుర్చీలు, వాటన్నిటికీ రాజూ రాణీ లాంటి రెండు ఎర్ర వెల్వెట్ కుర్చీలు. పెళ్ళయితే వాటిలో వధూవరులు కూర్చుంటారు. మీటింగయితే ఒకదాంట్లో నాయకుడు, రెండోదాంట్లో నాయకుడి ప్రాణానికి ప్రాణం. ఇన్నేళ్ళుగా వాటి దుమ్ము దులిపిన చేయి నాది. వాటిలో కూర్చునే భాగ్యం మాత్రం నా వీపుకు ఏనాడూ పట్టలేదు.

ఆ ఎన్నికల్లో నిలబడ్డ మా కంబగిరన్న దగ్గర ఒక పథకం ఉండేది. బోరు నీళ్ళ కాడా, చేని గట్ల కాడా మొదలయ్యే తగాదాలు కత్తుల దాకా పోకముందే కూర్చోబెట్టి తీర్చడానికి ఊరికో పెద్దల కమిటీ. చీకటి సందుల్లో లైట్లు. ఆడపిల్లలు కాలేజీ బస్సు దిగే చోట పోలీసు గస్తీ. ప్రతి కూడలిలో కెమెరా. ఈ చివరిది ఆయన బుర్రలో పుట్టింది కాదు. సెల్‌ఫోన్ల అంగడి వన్నూరప్పది.

వన్నూరప్ప నాతోపాటు ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాడు. నా పలకే. తన పలక పగలగొట్టుకుని నా దాంట్లో సగం ఆక్రమించాడు. అప్పటినుంచీ వాడి వాటం అంతే. మాటల్లో నా ముందు వాడు నిలవలేడు. నేను ఒక ఉడుతను చూస్తే ఊరంతటికీ పులిని చూపించగలను. వాడు పులిని చూసినా "ఏదో పిల్లిలాగుంది" అంటాడు. అటువంటివాడు ఒక కెమెరా తెచ్చి, నమూనాగా చూడండన్నా అని మా ఊరి కూడలిలో స్తంభానికి బిగించాడు. కంబగిరన్న పరవశించిపోయాడు. ఆ సాయంత్రమే మీటింగులో వాడి చేయి పట్టుకుని వేదిక మీదికి లాక్కుపోయి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఎక్కడ? నా రెండో వెల్వెట్ కుర్చీలో!

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. ఆ సాయంత్రం కంద హాయిగా కుర్చీలో కూర్చుంది, కత్తిపీట మైకు దగ్గర నిలబడి వైర్లు సరిచేస్తూ ఒళ్ళంతా గోక్కుంది. నా కడుపులో ఎవరో పెనం పెట్టి సెనక్కాయలు వేయిస్తున్నట్టు చిటపటమంది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు.

"ఏమయ్యా, సంగటి చల్లారిపోతాండాది. ఎవరన్నా పోయినారా?" అంది నా భార్య లక్ష్మీదేవి.

"వాడు నా కుర్చీలో కూర్చున్నాడే."

"కూర్చునేకి కాకుంటే కుర్చీలు మోసేకా చేసినారు?"

"ఆ కెమెరా ఏం పొడుస్తాది? పొడిచేవాణ్ణి చూస్తాది, అంతే గదా!"

"నీ కండ్లు అంతకన్నా ఎక్కువ మండుతాండాయి. తిని పండుకో."

తిన్నాను. పడుకోలేదు. మర్నాడు కంబగిరన్న దగ్గరికి పోయి, వన్నూరప్ప పక్కనే ఉండగా గొంతు తగ్గించి అన్నాను.

"అన్నా, కెమెరా మంచిదే. కానీ రోగం మూలం యాడుండాదో తెలుసునా? అటకల మీద. మా ఊర్లో అటకకో వేటకొడవలి ఉండాది. తాతల కాలం నాటివి. నేనొక మాట చెప్తే అందరూ తెచ్చి నీ కాళ్ళ కాడ పడేస్తారు."

"నిజమా నారాయణప్పా?" కంబగిరన్న కళ్ళు పెట్రోమాక్స్ లైట్లయ్యాయి.

"మన ఊర్లోనా? నేను ఒక్కటీ చూళ్ళేదే?" అన్నాడు వన్నూరప్ప అమాయకంగా.

"నీ కెమెరాకు అటకలు కనపడవులేప్పా!"

కంబగిరన్న నా భుజం తట్టాడు. "శుక్రవారం ముదిగుబ్బలో పెద్ద మీటింగు. ఆ కొడవళ్ళన్నీ వేదిక మీద కుప్ప పోయిద్దాం. జనం ముందరే పోలీసులకు అప్పజెప్దాం. నువ్వు నా పక్కనే కూర్చోవల్ల!"

పక్కనే! నా వీపుకు అప్పుడే వెల్వెట్ తగిలినట్టయింది.

ఇప్పుడు మీకొక రహస్యం. మా ఊర్లో ఏ అటక మీద ఏముందో నాకు తెలియదు. ఆ అటకలు, ఆ కొడవళ్ళు, ఆ తాతలు అన్నీ నా నాలుక మీద అప్పటికప్పుడు మొలిచినవే. సరేలే, రాయలసీమ కదా, వెతికితే ఒకటో రెండో దొరక్కపోతాయా అనుకున్నాను. ఇంటింటికీ పోయాను.

మా పెద్దమ్మ ఓబులమ్మ అటక దించి చూపించింది. పాత దుప్పటి, పగిలిన లాంతరు, ఒక పిల్లి. "కత్తా? మీ పెద్దనాయన బతికినన్నాళ్ళూ వంకాయ కోసేకి నేను మొండి ఈలపీటతో పడినా పాట్లు. అదుంటే నాకియ్యవా?"

రెడ్డివారింటికి పోతే పెద్దాయన మీసం దువ్వి, నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చివరికి గోళ్ళు కత్తిరించే కత్తెర ఒకటి తెచ్చి చూపించాడు. "ఎవర్నన్నా పొడవాలంటే మేం కోర్టుకే పోతామప్పా. దాని దెబ్బకు మూడు తరాలు లెయ్యవు."

ఊరంతా తిరిగాను. ఇంత శాంతమైన ఊరు నేనెక్కడా చూడలేదు. సిగ్గుతో తల తీసేసినట్టయింది. తీయడానికి కూడా ఊర్లో కత్తి లేదు!

వేరేవాడైతే అక్కడితో ఆగి, కంబగిరన్న దగ్గరికి పోయి చేతులు జోడించేవాడు. కానీ జోడించిన చేతులతో వన్నూరప్ప ముందు నిలబడటమా? అనంతపురం బస్సెక్కాను. బజారులో గొర్రెలకాపరులు తుమ్మమండలు కొట్టుకునే కొడవళ్ళు అమ్ముతారు. అంగట్లో ఉన్నవన్నీ కొన్నాను. అంగడాయన ఎగాదిగా చూసి "ఎన్ని గొర్రెలుండాయన్నా నీకు?" అన్నాడు.

"ఒక్కటే. అది కూడా సెల్‌ఫోన్లు అమ్ముతాది," అన్నాను.

ఇంటికి తెచ్చి పరిస్తే ఏముంది, పెళ్ళికూతురి ముక్కుపుడకల్లా తళతళా మెరుస్తున్నాయి. తాతల కాలం నాటివని ఎవరు నమ్ముతారు? ఆవకాయకని లక్ష్మీదేవి దాచుకున్న ఉప్పంతా నీళ్ళలో కలిపి, వాటిని నానబెట్టి తుప్పు పట్టించాను. అయినా ఏదో వెలితి. చరిత్ర కనబడాలి కదా! అరుగుకు పూయడానికి తెచ్చిన జాజు, అదే, ఎర్రమట్టి రంగు, ఉంటే అంచులకు కొంచెం కొంచెం పులిమాను. అబ్బ! చూస్తే నాకే భయమేసింది.

"ఇదేం పనయ్యా? చూస్తాంటే నలుగుర్ని నరికినట్టుండాది!" అంది లక్ష్మీదేవి.

"అట్లుండాలనే గదా!"

శుక్రవారం ఎండ నడినెత్తికొచ్చేసరికి మా కుర్రాళ్ళు షామియానా, మైకుసెట్టు, వెల్వెట్ కుర్చీలతో సహా ముదిగుబ్బ చేరిపోయారు. నేను టెంపోను గోడౌను ముందుకు తెచ్చి కొడవళ్ళు ఎక్కించడం మొదలుపెట్టాను. మీటింగులో అందరికీ ఒక్కసారిగా చూపించి అదరగొట్టాలి కాబట్టి ముందే ఎవరూ గుర్తుపట్టకూడదని మొహానికి తువ్వాలు కట్టుకున్నాను. పైన ఒక పాత పట్టా కప్పాను. మా గోడౌను సరిగ్గా ఊరి కూడలిలోనే ఉందన్న సంగతీ, కూడలిలో స్తంభం ఉందన్న సంగతీ, స్తంభానికి ఏముందన్న సంగతీ మీకు గుర్తుంది. నాకు లేదు.

ముదిగుబ్బ పొలిమేరలో పోలీసులు టెంపో ఆపారు. ఒకాయన పట్టా ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నాలుగడుగులు వెనక్కి దూకాడు.

"దిగు! చేతులు పైకి!"

"సార్, ఇవి శాంతి కోసం సార్!"

"టెంపో నిండానా?"

స్టేషన్లో ఎస్సైగారు కోస్తా వైపు మనిషి. ఒక కొడవలి ఎత్తి చూసి, వేలితో ఎరుపు తాకి, అదోలా నా వైపు చూశారు.

"ఎవరిదయ్యా ఈ రక్తం?"

"రక్తం కాదు సార్, అరుగుకు పూసే జాజు."

"కొడవలికి ఎందుకు పూశావు?"

"పాతదాని మాదిరి కనపడాలని సార్."

"పాత హత్యల్లాగానా?"

ఏం చెప్పను? నిజం చెబితే పిచ్చివాడంటారు, అబద్ధం చెబితే హంతకుడంటారు. జీవితంలో మొదటిసారి నాకు చెప్పడానికి కథ దొరకలేదు.

స్టేషనుకు ఆనుకునే మీటింగు మైదానం. అంతలో మైకు మోగింది. నా మైకే. గొంతు కంబగిరన్నది.

"అక్కలారా, అన్నలారా! కెమెరాలు ఎందుకని కొందరు ఎగతాళి చేసినారు. ఈ పొద్దు ఏం జరిగిందో వినండి! ఊరి కొడవళ్ళు మనం అప్పజెప్పేది ఓర్వలేక, మొహానికి గుడ్డ కట్టుకున్న దుర్మార్గుడొకడు మన టెంట్ హౌస్ నారాయణప్ప గోడౌను కాడికి కొడవళ్ళతో వచ్చినాడు. మన వన్నూరప్ప తన ఫోన్లో చూసినాడు. నా నేస్తాన్ని సంపేస్తారని గుండెలు బాదుకుంటా పోలీసులకు ఫోన్ చేసినాడు. నారాయణప్ప ప్రాణం నిలిచింది! చప్పట్లు!"

చప్పట్లు పిడుగుల్లా పడ్డాయి. ఎస్సైగారు నన్ను చూశారు. నేను నేలను చూశాను. ఒకే పూటలో హంతకుణ్ణీ నేనే, హతమవ్వకుండా బయటపడినవాణ్ణీ నేనే. ఆ వెంటనే వన్నూరప్పకు శాలువా కప్పిన సంగతి నా మైకే నాకు చెప్పింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను గొయ్యి తీసి, దానిపైన షామియానా వేసి, మైకు కూడా పెట్టించి మరీ పడ్డాను.

ఎస్సైగారు ఇంకో కొడవలి తిప్పి చూశారు. పిడికి అనంతపురం అంగడి స్టిక్కరు అంటుకునే ఉంది. ఉప్పునీళ్ళు ఇనుమును తిన్నాయి గాని ఆ స్టిక్కరును తినలేకపోయాయి. ఆయన పెదవులు వణికాయి. తర్వాత భుజాలు. తర్వాత స్టేషనంతా.

"కూర్చోవయ్యా, ముందు కూర్చో. నీకు తెలిసినవాళ్ళెవరైనా వచ్చి సంతకం పెడితే పోదువుగాని," అంటూ కళ్ళు తుడుచుకుని ఒక కుర్చీ జరిపించారు.

చూస్తే వెనక నా పేరు! ఎప్పుడో ఏదో బందోబస్తుకు పంపితే తిరిగి రాని నా ప్లాస్టిక్ కుర్చీ. వెల్వెట్ కాదులే గానీ, ఒక అధికారి చేత్తో చూపించి కూర్చోమన్న కుర్చీ. మర్యాదగా, వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే శాలువాతో సహా వన్నూరప్ప పరిగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నారాయణా! బతికే ఉండావా! ఎవుడప్పా వాడు, మొహానికి గుడ్డ కట్టుకోని? దొరికినాడా?"

"దొరికినాడు," అన్నాను.

"యాడుండాడు? సూపియ్, రెండు తగిలిస్తా!"

కానిస్టేబుల్ నా భుజం మీద తట్టాడు. "లెయ్యి, లెయ్యి. జామీను పెట్టేకి వచ్చిన పెద్దమనిషి నిలబడుకోనుంటే నువ్వు కూర్చుంటావా? ఆయనకియ్యి కుర్చీ."

లేచాను. వన్నూరప్ప కూర్చున్నాడు.

అప్పుడే, ఆ స్టేషన్లో నిలబడే, ఒట్టు పెట్టుకున్నాను. నా టెంట్ హౌస్ మీద ఒట్టు, ఖాళీ అయిన ఆవకాయ ఉప్పు జాడీ మీద ఒట్టు, ఆ వెల్వెట్ మీద ఒట్టు: ఇక ఈ జన్మలో వన్నూరప్ప మీద అసూయపడను. పడక తప్పదనిపిస్తే, మొహానికి తువ్వాలు మాత్రం కట్టుకోను. కట్టుకోక తప్పదనిపిస్తే, ముందు తలెత్తి స్తంభం చూస్తాను.