డిస్కులో సంపత్ గొంతు

జమ్మికుంటలో బట్టలు కుట్టే నవత, మస్కట్ నుంచి భర్త సంపత్ పంపే వాయిస్ మెసేజ్‌లను ఫోన్‌లో చోటు చాలక ఇంట్లోని లినక్స్ కంప్యూటర్‌లోకి మార్చుకునేది. బ్యాకప్‌కు సాఫ్ట్‌వేర్లు చాలా వెతికింది. పాత కాపీలనూ ఉంచేవి చోటు తింటాయని వదిలేసి, కంప్యూటర్‌లో ఉన్నది ఉన్నట్టే రోజూ బయటి డిస్కులోకి దించేదాన్ని పెట్టుకుంది.

సంపత్ అక్కడే చనిపోయాడు. దినాల రోజు అతని బట్టలు ఇంట్లోంచి తీసేశారు. మామ హనుమండ్లు కంప్యూటర్‌లోని ఆ మెసేజ్‌లనూ తీసేశాడు.

"పోయినోని సామాను ఇంట్ల ఉండద్దు బిడ్డా. గా గొంతు ఇనుకుంట ఎన్నొద్దులు ఏడుస్తవ్?"

డిస్కులో ఉన్నాయన్న ధైర్యంతో నవత తీసెయ్యనిచ్చింది. మర్నాడు తెరిస్తే అదీ ఖాళీ. కంప్యూటర్‌లో లేనివాటిని అది కూడా బుద్ధిగా చెరిపేసింది.

నెల మాసికం నాడు హనుమండ్లు వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"జర ఒక్కపారి వాని గొంతు ఇనిపియ్యి బిడ్డా. నువ్వు యాడనో దాసే ఉంటవ్."