బేరమాడని మనిషి

మా అన్న, అడిగిన ధర అడిగినట్టే ఇచ్చి టమాటలు కొన్న రోజు నేను నవ్వాను. నా మొదటి తప్పు అది.

ఆర్మూర్‌లో మాది గోనె సంచులు, తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం. పసుపు ఉడికే కాలంలో మా గడప తొక్కని రైతు ఉండడు. బేరం మాకు ఉగ్గుపాలతో వచ్చింది. నేనైతే గుడి ముందు కొబ్బరికాయ కొనేటప్పుడు కూడా పక్క దుకాణం వైపు రెండడుగులు వేసి చూపించే రకం. ఆ విద్య నేర్పింది అన్నే. అలాంటివాడు వారపు అంగడిలో టమాటల గంప ముందు నిలబడి, అమ్మే ఆమె ఎంతంటే అంత తీసి చేతిలో పెట్టాడు.

ఆమె వేళ్లు మూయలేదు. అన్న మొహం చూసింది.

"ఏంది సేటూ, గిట్ల ఇస్తున్నవ్? పానం బాగలేదా?"

"మా అన్న సాధువైండక్కా. జల్ది తీస్కో, మళ్ల మనసు మారుతది" అన్నాను.

ఆమె నవ్వలేదు.

తర్వాత దుకాణంలోనూ అదే వరస. గిరాకీ ఎంతకడిగితే అంతకు "సరే, తీస్కపో" అనేవాడు. రైతులు ధర్మాత్ముడన్నారు. నేను కొత్త ఎత్తుగడ అనుకుని లోలోపల మెచ్చుకున్నాను. అన్నం కెలికి లేస్తున్నాడని, గోడకేసి చూస్తూ గంటలు కూర్చుంటున్నాడని వదిన చెబితే, పసుపు ధర పడిపోయిన బెంగేలే అన్నాను.

ఒక మధ్యాహ్నం వదిన దుకాణంలోని తాళ్ల కట్టలన్నీ ఆటోలో వేసుకుని మా ఇంటికి వచ్చింది.

"తమ్మీ, గివి జర మీ ఇంట్ల పెట్టుకో."

"దుకాణంల జాగ లేదా వదినా?"

"జాగ మస్తుగుంది."

కట్టలు దించి, లోపలి గదిలో వేసి తాళం పెట్టాను.

మర్నాడు అన్నను ఊళ్లోని సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇది మనసుకు వచ్చిన జబ్బు, నిజామాబాద్ వెళ్లండి అన్నాడు. నిజామాబాద్‌లో ప్రైవేటు డాక్టరు అన్నతో చాలాసేపు మాట్లాడి, నన్ను పిలిచాడు.

"పదిహేను రోజులకోసారి తీసుకరావాలె. మంచిగైనట్టు కనబడ్డా మందులు ఆపొద్దు."

ఫీజు, మందులు, బస్సు, మూసిన దుకాణం. నాలోని దుకాణదారుడు లేచి కూర్చున్నాడు.

"సార్, దూరం నుంచి వస్తున్నం. రెండు నెలలకోసారి అనుకోండ్రి."

"ఇది పసుపు బేరం కాదయ్యా."

"పోనీ, నెలకోసారి?"

ఆయన విసిగిపోయి తలూపాడు. నేను మీసం దువ్వుకుంటూ మెట్లు దిగాను.

రెండు వారాలకు అన్న కాస్త నవ్వాడు. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఇక సగం చాలులే అని మాత్రను విరిచింది నేనే. వదిన వద్దంది. ఒప్పించాను. ఒప్పించడమే కదా నాకు వచ్చిన పని.

పది రోజులు గడిచాయి. పొద్దున దుకాణం తెరవడానికి వెళ్లిన అన్న కనిపించలేదు. షట్టర్ సగం లేచి ఉంది. లోపల కుర్చీ మీద ఫోను, గడియారం, ఉంగరం వరసగా పెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఊరంతా వెతికాం. అప్పుడు దుకాణం ఫోను మోగింది.

"భాయ్, డిచ్‌పల్లిల ఆటో నడుపుత. ఒకాయన రైలు పట్టాల కాడ దింపుమన్నడు. చేతిల సంచి మీద మీ నంబరుంది. మీవోడేనా?"

"మా అన్న! ఎట్లున్నడు?"

"ఉన్నడు. నేను దింపలే. చాయ్ హోటల్ల కూసోబెట్టిన. కిరాయి డబుల్ చెప్పిన భాయ్. ఒక్క మాటనకుంట జేబుల ఉన్నదంత తీసిచ్చిండు. నాకు డరైంది."

ముక్కూమొహం తెలియని మనిషికి ఒక్క నిమిషంలో పుట్టిన భయం, ఒకే కంచంలో తిన్న నాకు నెలల తరబడి పుట్టలేదు.

అన్నను ఇంటికి తెచ్చి, మాత్ర మళ్లీ నిండుగా మొదలుపెట్టాం. ఆ తర్వాత నా నోటిని ఇంకో పనికి పెట్టాను. మన ఊరి దవాఖానకే మనసు డాక్టరు రావాలి, మందులు ఉచితంగా ఇవ్వాలి అని కాగితం రాసి అంగడిలో తిరిగాను. మొదటి వేలిముద్ర టమాటలామెది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసర్ల గదుల ముందు కూర్చున్నాను.

"గసొంటి పేషెంట్లు గిక్కడ ఎంతమందుంటరయ్యా?" అన్నాడొకాయన.

"బస్సు కిరాయి లేక ఇంట్ల కూసున్నోళ్లు మీకెట్ల కనబడ్తరు సార్?"

వారానికి రెండు రోజులు అడిగాను. ఆయన నెలకు రెండు గురువారాలన్నాడు. ఆ మాట కూడా జారిపోతుందేమోనని వెంటనే ఒప్పుకున్నాను. మొదటి గురువారం వరండా నిండిపోయింది. కొంగులు, దస్తీలు మొహాలకు చుట్టుకుని వచ్చినవాళ్లలో సగం మంది మా గిరాకీలే. వాళ్లకు నేను తాళ్లు అమ్మాను.

అన్న మందులు మానలేదు. ఈమధ్య గిరాకీలతో మళ్లీ పోట్లాడుతున్నాడు. ఆ అరుపులు వింటే వదినకు ప్రాణం లేచొస్తుంది. టమాటలామె అయితే ప్రతి అంగడికీ కావాలని ధర పెంచి చెబుతుంది. అన్న తిడతాడు, ఆమె నవ్వి తగ్గిస్తుంది.

ఇవాళ కూడా పెంచి చెప్పింది. అన్న తిట్టలేదు. నోటు తీసి చెయ్యి చాచాడు. ఆమె తల తిప్పి నా వైపు చూసింది.

ఊళ్లోకి డాక్టరు మళ్లీ వచ్చేది పన్నెండు రోజులకు. అది నేను కుదిర్చిన బేరమే.

అన్న చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. నిజామాబాద్‌కు ఎంతని అడిగితే ఆటో అతను నోటికొచ్చినంత చెప్పాడు. ఎక్కి కూర్చున్నాం. అతను బండి తీయకుండా అద్దంలో నన్నే చూశాడు.

"అన్నా, పానం మంచిగుందా?"

"నాది మంచిగనే ఉంది. జల్ది పోనియ్."

డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎన్ని రోజులకోసారి రమ్మంటే అన్ని రోజులకు వస్తానని చెప్పడానికి మాట సిద్ధం చేసుకున్నాను. తలుపు ఇంకా తెరుచుకోలేదు.